స్థలాలు కేటాయించని నైబర్‌హుడ్ ప్లాన్‌కి రక్షణ ఉంటుందా? (ఇంగ్లండ్)

ఇక్కడి ప్లానింగ్ తెలిసినవాళ్లు సాయం చేయండి. 2011 లోకలిజం చట్టం వచ్చాక రీజినల్ ప్లాన్‌లు రద్దయి, ఊరివాళ్లే నైబర్‌హుడ్ ప్లాన్ (ఊళ్లో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ప్లాన్) రాసుకునే వీలొచ్చింది. మా ఊరిది 2022 మేలో రెఫరెండంలో నెగ్గింది. అందులో ఇళ్లకంటూ స్థలాలేవీ కేటాయించలేదు. ఇప్పుడు ఊరి చివరి పొలంలో 60 ఇళ్లకు దరఖాస్తు పడింది. అది కట్టేస్తే మా ఊరికీ పక్క టౌనుకీ మధ్య ఖాళీయే మిగలదు, అదే టెన్షన్. జిల్లా కౌన్సిల్ దగ్గర ఐదేళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలు లేవట, అలాంటప్పుడు అనుమతి ఇవ్వడంవైపే మొగ్గు ఉంటుంది. ప్లానింగ్ ఆఫీసర్‌కి మెయిల్ పెడితే పాలసీ లింకే పంపారు. పారిష్ కౌన్సిల్‌లో (ఊరి స్థాయి కౌన్సిల్) అడిగినా తేలలేదు. అభ్యంతరాలకు గడువు ఈ నెల 28.

జాతీయ ప్లానింగ్ పాలసీ (NPPF) 14వ పేరా, అమల్లోకి వచ్చి ఐదేళ్లు దాటని నైబర్‌హుడ్ ప్లాన్‌లకు, వాటికి విరుద్ధమైన దరఖాస్తుల నుంచి ఇచ్చే రక్షణ, స్థలాలు కేటాయించని మా ప్లాన్‌కీ వర్తిస్తుందా?