మొదటి షార్ట్ ఫిల్మ్: ఫోన్‌తో తీయాలా, కెమెరా అద్దెకు తెచ్చుకోవాలా?

తొలిక్లాప్ (గుంటూరు):
అందరికీ నమస్తే. బీటెక్ మూడో సంవత్సరం. ఇప్పటిదాకా రీల్స్, కాలేజీ ఫెస్ట్ వీడియోలే చేశాను. ఇప్పుడు ఎనిమిది నిమిషాల కథ రాసుకున్నా. ఒక సీను బస్టాండులో, ఒకటి మిర్చి యార్డు బయట, మిగతాదంతా మా ఇంట్లో, రాత్రిపూట ట్యూబ్‌లైటు వెలుగులో. అమ్మ కొంత డబ్బు ఇస్తానంది. కెమెరా అద్దెకు తేవాలా, నా ఫోన్ సరిపోతుందా?

కృష్ణలంక ఫ్రేమ్:
కెమెరా తెచ్చుకో తమ్ముడూ. ట్యూబ్‌లైటు అన్నావుగా, ఫోన్ దొరికిపోయేది అక్కడే. మన కరెంటు 50 హెర్ట్జ్. మామూలు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. కంటికి తెలియదు కానీ, ఫోన్ ఆటోలో షట్టర్ ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే గోడ మీద చారలు పాకుతాయి. కెమెరాలో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే టైము) సెకనులో 1/50 వంతు పెట్టి మర్చిపో. పైగా ఈ ఎండల్లో యార్డు దగ్గర ఫోన్ పట్టుకుంటే వేడెక్కి రికార్డింగ్ మధ్యలో ఆగుతుంది.

బ్రాడీపేట ఎడిటర్:
అన్నా, 1/50 ఫోన్‌లోనూ పెట్టొచ్చు. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితమే. తమ్ముడూ, ఆ డబ్బు మైకు మీద పెట్టు. బస్టాండులో హారన్ల మధ్య డైలాగు వినపడకపోతే ఎంత పెద్ద కెమెరా తెచ్చినా దండగే. కాలర్ మైకులు రెండు తీసుకో, గాలికి బొచ్చు కవర్లు తప్పనిసరి. ఫోన్‌తో ఒక్కటే జాగ్రత్త: ఆటోలో తీస్తే ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. విడిగా రికార్డు చేసిన సౌండు పోనుపోను పెదాలతో కలవదు. రేటు లాక్ చేసి తియ్యి.

మినపట్టు:
మిర్చి యార్డు దగ్గర కెమెరా సంగతి తర్వాత. హీరో తుమ్మకుండా డైలాగు చెప్పగలడా?

కృష్ణలంక ఫ్రేమ్:
యాప్ పెట్టగానే ఫోన్ కెమెరా అయిపోదు. వెలుగు పట్టే సెన్సర్ చిన్నది, రాత్రి సీనులో నీడలన్నీ గింజలు గింజలుగా వస్తాయి. 25 ఫ్రేముల సంగతి మాత్రం ఎవరూ కాదనలేరుగా.

బ్రాడీపేట ఎడిటర్:
24 పెట్టినా షట్టర్ 1/50లో ఉంటే చారలు రావు. సినిమా హాల్లో చూసేది 24. ఈ 25 పట్టుదల ఏంటో నాకర్థం కాదు.

కృష్ణలంక ఫ్రేమ్:
25 పెడితే 1/50 షట్టర్ సరిగ్గా ఫ్రేము టైములో సగం, లెక్క కుదురుతుంది. మన దేశంలో టీవీ కూడా 25 మీదే నడిచింది. పట్టుదల కాదు, పద్ధతి.

ఏలూరు రోడ్డు:
పాట గురించి ఎవరూ చెప్పలేదు. సినిమా పాట 30 సెకన్ల లోపు వాడుకోవచ్చు, ఏం కాదు.

రెండో సీను:
30 సెకన్ల రూలు చట్టంలో ఎక్కడా లేదండీ. అయిదు సెకన్లకీ యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. ఇంకోటి, ఎనిమిది నిమిషాలంటే షార్ట్స్‌లో పట్టదు, అక్కడ మూడు నిమిషాల దాకానే. కాబట్టి అడ్డంగానే తియ్యండి. చానెల్‌కి డబ్బులొచ్చేందుకు యూట్యూబ్ అడిగే 4,000 గంటల వీక్షణ లెక్కలో షార్ట్స్ ఫీడ్‌లో చూసినవి కలపరు కూడా.

తొలిక్లాప్:
థ్యాంక్స్ అక్కా. కెమెరా విషయం ఇంకా తేలలేదు.

కృష్ణలంక ఫ్రేమ్:
తేల్చేది ఏముంది. ఫోన్ చాలు అనేవాళ్ళకి కెమెరామన్ అక్కర్లేదు. అక్కర్లేనప్పుడు పేరూ అక్కర్లేదు. నేను ఒకడికి రూపాయి తీసుకోకుండా ఉండవల్లి పొలాల్లో, భవానీ ద్వీపం రేవులో తీసిపెట్టాను. అద్దె కూడా నాదే. వాడి చానెల్లో వాడి పేరు, వాడి ఫొటో. నా పేరు ఆఖర్లో సగం సెకను. అడిగితే ‘ఫ్రెండ్స్ మధ్య ఇవన్నీ ఏంట్రా’ అన్నాడు.

బ్రాడీపేట ఎడిటర్:
నాది రివర్స్. కథ మాది, నటులు మావాళ్ళు, టిఫిన్ల ఖర్చు మాది. కెమెరా తెచ్చినవాడు ఫుటేజ్ ఉన్న మెమరీ కార్డులు ఇంటికి తీసుకెళ్ళిపోయాడు. రేపిస్తా, ఎల్లుండిస్తా అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ సినిమా ఈరోజుకీ ఎడిటింగ్ టైమ్‌లైన్ మీదకి రాలేదు. అప్పుడే ఒట్టేసుకున్నా, నా ఫోన్, నా ఫుటేజ్ అని.

మినపట్టు:
ఒక నిమిషం. మీరిద్దరూ ఒకే సినిమా గురించి మాట్లాడటం లేదు కదా?

కృష్ణలంక ఫ్రేమ్:
కాదు.

బ్రాడీపేట ఎడిటర్:
కాదు. అయినా కార్డులు దాచుకునే జాతి ఒకటే.

కృష్ణలంక ఫ్రేమ్:
జాతి గీతి అంటే మర్యాదగా ఉండదు. పేరు వేసి ఉంటే ఎవడైనా కార్డు ఎందుకు దాస్తాడు?

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. ఇంకోసారి అయితే ఈ చర్చ మూసేస్తా.

రెండో సీను:
అంటే మీ గొడవ సెన్సర్ గురించి కాదన్నమాట. ఫుటేజ్ ఎవరి చేతిలో ఉంటే సినిమా వాళ్ళది అని ఇద్దరి భయమూ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి కర్త నిర్మాత. నిర్మాత అంటే ఆ సినిమా తీయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. కెమెరా ఎవరిది, కార్డు ఎవరి జేబులో ఉంది అని చట్టం అడగదు. రాసిన కథ మీద హక్కు మాత్రం విడిగా రాసినవాళ్ళకే ఉంటుంది. కాలేజీ టీముల్లో నలుగురూ మేమే చొరవ తీసుకున్నాం అంటారు, తంటా అక్కడే. షూటింగ్‌కి ముందు ఒక పేజీ రాసి నలుగురూ సంతకం పెట్టుకోండి: ఏ చానెల్లో వెళ్తుంది, ఎవరి పేరు ఎలా వస్తుంది, డబ్బులొస్తే ఎలా పంచుకుంటారు.

తొలిక్లాప్:
డబ్బు అమ్మది కదా అక్కా. అయితే నిర్మాత మా అమ్మా?

రెండో సీను:
అమ్మ పెట్టేది డబ్బు ఒక్కటే అయితే, చొరవ, బాధ్యత నీవే. థ్యాంక్స్ కార్డులో మాత్రం అమ్మ పేరు ముందు వెయ్యి.

కృష్ణలంక ఫ్రేమ్:
మరి కెమెరా పట్టినవాడి సంగతి?

బ్రాడీపేట ఎడిటర్:
డైరెక్టర్ పేరు పక్కనే అదే సైజులో పేరు. వీడియో కింద వివరణలో మొదటి లైన్లలో లింకుతో సహా. మీరడిగేది అదేగా?

కృష్ణలంక ఫ్రేమ్:
అదీ, ముడి ఫుటేజ్ ఒక కాపీ. నా పని చూపించుకునే షోరీల్‌కి కావాలి.

బ్రాడీపేట ఎడిటర్:
కాపీ ఇస్తారు, అందులో పేచీ లేదు. అసలు కార్డు మాత్రం షూటింగ్ అయిన రాత్రే డైరెక్టర్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలి.

కృష్ణలంక ఫ్రేమ్:
రాత్రే ఎందుకు? తెల్లారాక ఇస్తే ఏమవుతుంది?