టెక్స్ట్ ఆర్పీజీలో మూడో వారానికే ప్లేయర్స్ సైలెంట్ అయిపోతున్నారు, ఏం చేయాలి?

దీపస్తంభం:
అందరికీ నమస్తే. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ఒక ఫాంటసీ రోల్‌ప్లే గేమ్ (ఆర్పీజీ) నడుపుతున్నాను, సీన్ నేను రాస్తా, ఒక్కొక్కరు తమ క్యారెక్టర్ ఏం చేస్తుందో రాస్తారు. ఆరుగురు ప్లేయర్స్, గూఢచారి, వైద్యురాలు, యోధుడు వగైరా క్యారెక్టర్లు, అంతా టెక్స్టే, వాయిస్ లేదు. మొదటి వారం రోజుకి పాతిక ముప్పై పోస్టులు పడేవి, నేను చదవడానికే టైమ్ చాలేది కాదు. మూడో వారంలో ఒక ఫైట్ పెట్టా, అది ఐదు రౌండ్లే, కానీ అవ్వడానికి ఇరవై రోజులు పైనే పట్టింది. దాని తర్వాత ఇద్దరు పూర్తిగా మాయం, ఇంకో ఇద్దరు ఒక్క లైన్ రాసి వదిలేస్తున్నారు.

మొన్న కోటలో రాజు చనిపోయిన సీన్ రాశాను, హాలు ఎలా ఉంది, దీపాలు, ఏడుస్తున్న మంత్రి, అన్నీ నాలుగు పేరాలు కూర్చుని రాసి చివర్లో "మీరేం చేస్తారు?" అని పెట్టా. ఐదు రోజులైంది, ఒక్కరూ పలకలేదు. ఈ కథ మీద నేను చాలా నెలలు పనిచేశాను, వదిలేయాలంటే మనసొప్పట్లేదు. నా రాతే బోర్ కొడుతోందా, లేక నడిపే పద్ధతిలో తప్పుందా? ఉన్నదున్నట్టు చెప్పండి.

పాతపాచిక:
రాత బోర్ కాదండీ, ఆ చివరి ప్రశ్న దగ్గరే వచ్చింది చిక్కు. ఆరుగురిని కలిపి "మీరేం చేస్తారు" అంటే ఎవర్నీ అడగనట్టే, ప్రతి ఒక్కరూ ఇంకెవరో మొదలుపెడతారులే అని చూస్తారు. టేబుల్ దగ్గర కూర్చుని ఆడితే మొహాలు కనిపిస్తాయి, ఎవరో ఒకరు నోరు తెరుస్తారు, టెక్స్ట్‌లో ఆ సౌకర్యం లేదు కదా, మౌనం ఎంతసేపైనా సాగుతుంది.

నేనైతే ఆ సీన్ ఇలా ముగించేవాణ్ణి: మంత్రి ఏడుస్తూనే మీ గూఢచారి చేతిలో ఒక చిన్న తాళంచెవి కుక్కాడు, ఇంకెవరూ చూడలేదు. మీ వైద్యురాలికి రాజు పెదాల మీద నీలం రంగు కనబడింది, అది ఏ విషమో ఆమెకి తెలుసు. బయట సేనాపతి తలుపులు మూయించేస్తున్నాడు, యోధుడు తలుపుకి రెండడుగుల దూరంలో ఉన్నాడు. ఇప్పుడు ముగ్గురికి ముగ్గురూ తమ పేరు మీద ఒక పని ఉందని చూస్తారు, ఇంకొకరు రాసేదాకా ఆగాల్సిన అవసరం లేదు. మిగతా ముగ్గురికి తర్వాతి పోస్టులో ఇవ్వండి, అందరికీ ఒకేసారి ఇస్తే అదీ గందరగోళమే.

ఇంకోటి, వర్ణన తగ్గించండి. డిస్కార్డ్‌లో మామూలు అకౌంట్‌కి మెసేజ్‌కి 2000 అక్షరాలే పడతాయి, నేను సీన్ మొత్తం ఆ ఒక్క మెసేజ్‌లో పట్టేట్టు రాస్తా, పట్టకపోతే కోసేస్తా. మీరు నాలుగు పేరాలు రాస్తే అవతలివాళ్ళు కూడా అంత రాయాలేమో అనుకుని, ఫ్రీ టైమ్ దొరికాక బాగా రాద్దాంలే అని పక్కన పెడతారు, ఆ పక్కన పెట్టింది మళ్ళీ ఎత్తరు.

రౌండ్‌రౌండ్:
ఫైట్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నా లెక్కలో అసలు దెబ్బ అక్కడే పడింది. వరసగా ఒకరి తర్వాత ఒకరు టర్న్ తీసుకునే పద్ధతే కదా వాడారు? ఒక్కొక్కరు సగటున 18 గంటలకి రాస్తారనుకోండి, ఆరుగురికి 108 గంటలు, అంటే ఒక రౌండ్‌కి నాలుగున్నర రోజులు, ఐదు రౌండ్లకి ఇరవై రెండున్నర రోజులు. మీరు చెప్పిన ఇరవై పైచిలుకు అచ్చంగా ఇదే. ఎవరూ బద్ధకించకుండానే, అందరూ రోజుకోసారి వచ్చి రాస్తూ ఉన్నా ఇంత టైమ్ పోతుంది, ఈలోగా మొదట కత్తి దూసినవాడికి ఎందుకు దూశాడో కూడా గుర్తుండదు.

ప్లేయర్స్ అందర్నీ ఒక జట్టు చేయండి, శత్రువులు ఇంకో జట్టు. జట్టు టర్న్ వచ్చినప్పుడు ఆరుగురూ ఏ వరసలోనైనా రాయొచ్చు, 24 గంటలు గడువు, తర్వాత మీరు శత్రువుల టర్న్ ఒకే పోస్టులో తేల్చేయండి. ఇది కొత్తదేం కాదు, 1981 నాటి డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే గేమ్) బేసిక్ రూల్స్‌లోనే జట్టుకి ఒక ఆరు ముఖాల పాచిక వేసి ఎవరు ముందో తేల్చేవాళ్ళు. పాచికలు కూడా ప్లేయర్ తన పోస్టులోనే బాట్‌తో (చాట్‌లోనే పాచికలు వేసిపెట్టే ప్రోగ్రామ్) వేసేయాలి, దాడికీ దెబ్బకీ రెండూ కలిపి. "నేను కొట్టనా", "కొట్టు", "తగిలిందా", "తగిలింది", "ఎంత" అని ఐదు మెసేజ్‌లు తిరిగితే ఒక రోజు అందులోనే పోతుంది. ఫలితం తేలిపోయిన ఫైట్‌ని సాగదీయొద్దు, రెండు గోబ్లిన్లు మిగిలాయి అంటే పారిపోయాయి అని రాసేయండి, అయిపోయింది.

వెన్నెలదారి:
నేను జీఎం (గేమ్ మాస్టర్, అంటే గేమ్ నడిపేవాళ్ళు) కాదు, ప్లేయర్‌ని. ఇంకో గేమ్‌లోంచి నేనూ ఇలాగే చెప్పకుండా మాయమైపోయాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను. ఆ గేమ్ నాకు చాలా ఇష్టం, నా క్యారెక్టర్ అంటే ప్రాణం. ఆరోగ్యం బాలేక నాలుగు రోజులు రాలేకపోయా, తిరిగొచ్చేసరికి 140 మెసేజ్‌లు, మా గుంపు వేరే ఊళ్ళో ఉంది, నా క్యారెక్టర్ ఎక్కడుందో నాకే తెలీదు. చదవాలి అనుకున్నా, రేపు చదువుదాం అనుకున్నా, రేపటికి ఇంకో ముప్పై. వారం తర్వాత వెళ్తే ఏమనుకుంటారో అని మొహం చెల్లలేదు. ఎవరైనా ఒక్కరు "మనం ఇక్కడున్నాం, నువ్వు ఈ గుర్రం దగ్గరున్నావ్, వచ్చేయ్" అని మెసేజ్ పెట్టుంటే అప్పుడే వెళ్ళిపోయేదాన్ని. ఎవరూ పెట్టలేదు, నేనూ అడగలేదు, ఆ గేమ్ కొన్నాళ్ళకి ఆగిపోయింది.

అందుకే ప్రతి వారం ఐదారు లైన్లలో ఇప్పటిదాకా ఏం జరిగిందో పిన్ చేయండి, చివర్లో ఎవరెవరు ఎక్కడున్నారో రాయండి. ఇంకో చిన్న ఛానెల్ పెట్టండి, "రెండ్రోజులు ఉండను" అని చెప్పడానికి మాత్రమే, కారణం అడగొద్దు. ఉండనివాళ్ళ క్యారెక్టర్‌ని ఎవరు నడపాలో మొదట్లోనే మాట్లాడుకుంటే తిరిగి రావడం చాలా తేలికవుతుంది.

పాతపాచిక:
వెన్నెలదారి గారూ, మీరు చెప్పింది చదివాక నా రూల్ ఒకటి మార్చుకోవాలనిపిస్తోంది. 48 గంటలు పోస్ట్ పడకపోతే గేమ్‌లోంచి తీసేస్తానని పెట్టుకున్నా. ఇకనుంచి 48 గంటలకి నేనే క్యారెక్టర్‌ని నడిపిస్తాను, మనిషిని మాత్రం తీయను.

మ్యాపుగీత:
ఒక మాట కలుపుతాను. అందర్నీ ఒకే ఎరతో పట్టలేం. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో మొదలైన మడ్ అనే టెక్స్ట్ గేమ్ తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ బార్టిల్, 1996లో ప్లేయర్స్‌ని నాలుగు రకాలుగా చెప్పారు: సాధించేవాళ్ళు, అన్వేషించేవాళ్ళు, నలుగురితో కలవడానికి వచ్చేవాళ్ళు, ఇతరుల మీద పైచేయి చూపించేవాళ్ళు. ఒక రకం పెరిగితే ఇంకో రకం తగ్గిపోవచ్చు అన్నది అందులో నాకు ముఖ్యంగా తోచిన సంగతి. మనుషులు ఆ నాలుగు డబ్బాల్లో సరిగ్గా ఇమడరు, అది నేనూ ఒప్పుకుంటా, కానీ మీ ఒక్క లైన్ రాసే ఇద్దరూ ఏ సీన్లో ఎక్కువ రాశారో పాత పోస్టులు వెనక్కి తిప్పి చూడండి. మా గేమ్‌లో ఫైట్స్‌లో నాలుగు మాటలు దాటని ఒకమ్మాయి చలిమంట దగ్గర కబుర్ల సీన్ పెడితే పేజీలు రాసింది. తను బోర్ అవుతోందని నేను నెలరోజులు తప్పుగా అనుకున్నా.

దీపస్తంభం:
అందరికీ చాలా థాంక్స్, రాత్రి కూర్చుని అన్నీ మళ్ళీ మళ్ళీ చదివాను. రాజు సీన్ తీసేసి తాళంచెవి, నీలం పెదాలు పద్ధతిలో తిరిగి రాశా, 2000 అక్షరాల్లోనే పట్టింది. గంటలో వైద్యురాలు రాసింది, ఆ విషం తన గురువు దగ్గర నేర్చుకున్నదట, అది నా కథలో అసలు లేదు, కానీ నాకు చాలా నచ్చింది, ఉంచేస్తున్నా. తర్వాతి ఫైట్ నుంచి జట్టు టర్న్‌లే.

మాయమైన ఇద్దరికీ విడిగా మెసేజ్ పెట్టా, ఎందుకు రాలేదని అడక్కుండా వాళ్ళ క్యారెక్టర్ ఎక్కడుందో మాత్రం చెప్పా. ఒకరి నుంచి ఇంకా జవాబు లేదు. రెండోవాళ్ళు ఇందాకే రాశారు, "నా గూఢచారి ఇంకా ఆ హాల్లోనే ఉన్నాడా? ఆ తాళంచెవి దేనిది?" అని.

వెన్నెలదారి:
ఇప్పుడే చెప్పేయకండి, తలుపు దగ్గరికి వెళ్ళనివ్వండి :)