అమ్మనాయినల కాడ మనిషి లెక్క ఉండే రోబో పెట్టొచ్చా? సేఫ్టీ గురించి జర చెప్పున్రి

నల్గొండ_ఆడబిడ్డ:
అందరికి నమస్తే. మా అమ్మనాయిన నల్గొండల ఇద్దరే ఉంటరు, నేను హైదరాబాద్‌ల, తమ్ముడు డల్లాస్‌ల. అమ్మకు 71, పుట్టి పెరిగింది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన బొక్కలు, మోకాళ్లు వంగవు, గోడ వట్టుకొనే నడుస్తది. పనామె పొద్దున ఒక గంట వచ్చి పోతది, అంతే. మొన్న మావోడు ఫోన్ చేసి అక్కా నియో అని ఒక రోబో వచ్చింది, బట్టలు మడతపెడ్తది, మంచినీళ్లు తెచ్చిస్తది, 20 వేల డాలర్లు, బుక్ చేస్త, చేతికి వచ్చినంక ఎట్లనో ఒకట్ల ఇంటికి పంపుత అంటుండు. మన పైసలల్ల 17 లక్షల పైనే. నాయిన ఆ వీడియో ఇప్పటికే పదిసార్లు చూసిండు. అమ్మది మాత్రం ఒక్కటే మాట, "రాత్రి కరెంట్ పోతె అది యాడ నిలవడ్డదో నాకెట్ల తెలుస్తదే" అని. అప్పుడైతే నవ్వినం గాని తర్వాత పండుకుంటే నాకూ నిద్ర పట్టలే. అది ఎదురు తిరుగుతది, చంపుతది అనే సినిమా ముచ్చట్లు వద్దు, ఇంట్ల నిజంగ ఏం ప్రమాదం ఉంటదో తెలిసినోళ్లు చెప్పున్రి.

మిర్యాలగూడ_ఫిట్టర్:
చెల్లె, నేను రైస్ మిల్లుల 20 ఏండ్ల సంది మెషిన్లు చూస్తున్న, రోబోలు నాకు తెల్వది గాని మెషిన్ ఏదైనా ఫస్ట్ అడిగేది ఒక్కటే, ఆపితే ఏమైతది? మా కాడ బెల్ట్‌ల ఎవరిదన్న తువ్వాల ఇరుక్కుంటే స్విచ్ కొడతం, మెషిన్ ఆగుతది, మనిషి బతుకుతడు. రెండు కాళ్ల మీద నిలవడేటిదానికి గది నడవది. అది క్షణం క్షణం మోటార్లతోని తూకం సరిచేసుకుంటనే నిలవడతది, పవర్ తీస్తే కుప్ప కూలుతది, అంటే ఆపే ఎర్ర బటనే ఇంకో ప్రమాదం అన్నట్టు. మీ తమ్ముడు చెప్పిన నియో 30 కిలోలు, అదే తక్కువ బరువు అంటరు, టెస్లా వాళ్ల ఆప్టిమస్ అయితే 57 కిలోలు చెప్పిన్రు. మన 25 కిలోల బియ్యం బస్తా ఉంటది కదా, గది నిలవడి ఉండి మీ అమ్మ దిక్కు ఒరిగిందనుకో. నియోల గట్టి గేర్ల బదులు తాళ్లు గుంజినట్టు కదిలే మోటార్లు, పైన మెత్తటి కవర్ పెట్టిన్రు, చెయ్యి తగిలితే దెబ్బ తక్కువ, అది మంచిదే, కాని పడేటప్పుడు బరువు బరువే.

ఇంకోటి, ఇంట్ల సాయం చేసే రోబోలకు ఐఎస్ఓ 13482 అని 2014లనే స్టాండర్డ్ వచ్చింది, గాని ఇట్ల బ్యాలెన్స్ మీద నిలవడేటివాటికి వేరేగ ఇంకోటి రాస్తున్నరు, 25785 అని. రూల్ రాయకముందే సరుకు ఇంట్లకొస్తుందన్నట్టు. మీ అమ్మ చీర కడతది కదా, కొంగు దాని మోచేతిల ఇరుక్కుంటే అది ఆగుతదా గుంజుతదా, ఏ వీడియోల చూపెట్టలే మరి. బైక్ చక్రంల కొంగు పడి ఎంతమంది పడ్డరో మనకు తెల్వదా.

పాలమూరు_పోరడు:
అక్కా నేను సాఫ్ట్‌వేర్ సైడ్ చెప్త. కరెంట్ పోతే అది పడిపోదు, బ్యాటరీ ఉంటది, కాని వైఫై రౌటర్ పోతది కదా, అసలు ముచ్చట గాడ ఉంది. నియోకి రాని పని చెప్తే కంపెనీ మనిషి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకొని దాని కెమెరాలల్లకెళ్లి మన ఇల్లు చూసుకుంట ఆ పని చేయిస్తడు, ఇదేం దాపరికం కాదు, వాళ్లే ఓపెన్‌గ చెప్పిన్రు. ఓనర్ ఒప్పుకుంటేనే, మనుషుల్ని మసక చేసి చూపిస్తం, పోవద్దన్న రూంలకు పోదు అంటున్నరు, సరే. మరి మీ ఇంట్ల ఒప్పుకునేది ఎవరు, ఫోన్ ఎవరి చేతుల ఉంటది, డల్లాస్‌ల తమ్ముడి చేతులనా? అమ్మ తానం చేసి చీర కట్టుకునేటప్పుడు తమ్ముడు ఓకే కొడితే అమ్మకు తెలుస్తదా?

2022ల రూంబా అనే ఇల్లు ఊడ్చే రోబో ముచ్చట యాదికుందా? టెస్టింగ్ కోసం కొంతమంది ఇండ్లల్ల పెట్టిన మెషిన్లు తీసిన ఫోటోలు, బాత్రూంల ఉన్న ఆడామెవి గూడ, ఫోటోలల్ల ఏమున్నదో గుర్తువట్టి రాసే (డేటా లేబులింగ్) వర్కర్ల కాడికెళ్లి ఫేస్‌బుక్ గ్రూపులల్ల పడ్డయి. అది నేల మీద పాకేటిది, ఇది మనిషంత ఎత్తు. 2025 సెప్టెంబర్‌ల యూనిట్రీ అనే చైనా కంపెనీ రోబోలల్ల బ్లూటూత్ లోపం బయటపెట్టిన్రు, వైఫై సెట్ చేసే దారిలకెళ్లే లోపల దూరి మొత్తం కంట్రోల్ తీసుకోవచ్చు, ఒకటి చేతికొస్తే దాని పక్కనున్న ఇంకోదానికి గూడ అంటించొచ్చు. ఫోన్ హ్యాక్ అయితే పైసలు పోతయి, దీనికి చేతులున్నయి అక్కా.

దేవరకొండ_అన్న:
మీరందరు కలిసి ఆమెను భయపెడుతున్నరు. గ్యాస్ సిలిండర్ వచ్చిన కొత్తల గూడ మా నాయినమ్మ ఇంట్ల పెట్టనియ్యలే, పేలుతది అని. రాత్రిపూట పెద్దమనిషి పడిపోతే కనీసం ఫోన్ చేసేటందుకు ఒకటి ఉంటది కదా. మనిషి దొరుకుతలేడు ఊర్లల్ల, అది జూడున్రి ఫస్ట్.

పాలమూరు_పోరడు:
అన్నా సిలిండర్‌కు రెగ్యులేటర్, పైపు, డీలర్, కంప్లైంట్ చేస్తే వచ్చే మెకానిక్ అందరున్నరు. ఇది అమెరికాల అమ్మేది, సూట్‌కేస్ లెక్క ఇక్కడ దించితే సర్వీస్ ఎవరు చేస్తరు? పడిపోతే ఫోన్ చేసేది చేతి వాచ్ గూడ చేస్తది, దానికి 17 లక్షలు ఎందుకు.

సూర్యాపేట_సిస్టర్:
నేను ఆర్థోల నర్స్‌ను. అమ్మా, ఫ్లోరైడ్ బొక్క చూడ గట్టిగ ఉంటది గాని పెళుసు, చిన్న దెబ్బకే ఇరుగుతది. తుంటి బొక్క ఇరిగితే ఈ వయసుల లేచుడు ఎంత కష్టమో రోజూ చూస్తున్న. నాకు భయం రోబో కొడ్తదని కాదు. గోడ వట్టుకొని నడిచే అలవాటున్నోళ్లు అడ్డం ఏది నిలవడి ఉంటే దాన్ని పట్టుకుంటరు, స్టూల్ అయినా పట్టుకుంటరు. ఆమె బరువు మీద వేసినప్పుడు అది ఆగాలె, ఆగకుంటే ఇద్దరు కలిసి పడ్తరు. ఇంకో డౌట్, మన దిక్కు పగటీలి నేల మీద చాప వేసుకొని ఒరుగుతరు కదా, మంచాలు సోఫాలున్న ఇండ్లల్ల నేర్చుకున్న మెషిన్ గిది చూసి మనిషి అనుకుంటదా బట్టల మూట అనుకుంటదా? తలుపు మూల చాప మీద పండుకున్న ముసలామెను మా పిల్లలే తొక్కుతరు. గడప గూడ ఉంటది, బాత్రూం కాడ తడి ఉంటది.

నల్గొండ_ఆడబిడ్డ:
అందరికి థాంక్స్. సిస్టర్ గారు, మీరు చెప్పిన పట్టుకునుడు ముచ్చట నాకు అస్సలు తట్టలే, అమ్మ గట్లనే చేస్తది, మొన్న ఫ్రిజ్ డోర్ పట్టుకొని లేసింది. నిన్న రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి అన్నీ అడిగిన, ఫిట్టర్ అన్న చెప్పిన "ఆపితే ఏమైతది" అనేది గూడ. కంపెనీకి మెయిల్ పెడ్త అన్నడు. మరి అమ్మ బట్టలు కట్టుకునేటప్పుడు ఓకే ఎవరు కొడ్తరురా అంటే కొంచెంసేపు సప్పుడు చెయ్యలే, తర్వాత "ఈ ఏడు వద్దు తీ అక్కా" అన్నడు. నాయిన అలిగిండు, మొన్న కొన్న కొత్త టీవీల పెద్దగ పెట్టి ఆ వీడియోనే చూస్తుండు.

ఇప్పటికైతే తమ్ముడు పంపుత అన్న పైసలల్లకెళ్లి బాత్రూంల, మంచం పక్కన పట్టుకునే స్టీల్ రాడ్లు పెట్టిద్దామనుకుంటున్నం, గోడకు టైల్స్ ఉన్నయి, పగలకుండ డ్రిల్ చేసి గట్టిగ ఫిట్ చేసేటోళ్లు నల్గొండల ఎవరన్న తెలిస్తే మెసేజ్ పెట్టున్రి. పనామెను సాయంత్రం గూడ రమ్మన్న, ఇంకో రెండు వేలు అడుగుతుంది.