ఓటీటీ ఉండగా బ్లూ-రే డిస్కులు కొనడం దండగేనా?

అనంతపురం_రవి:
ఈమధ్యే 55 అంగుళాల 4కే టీవీ తీసుకున్నాం. బీరువా నిండా పాత డీవీడీలున్నాయి. కొత్త టీవీలో వేస్తే మొహాలు అలికేసినట్టు కనిపిస్తున్నాయి. డీవీడీ కన్నా ఎక్కువ డేటా పట్టే బ్లూ-రే డిస్కుల ప్లేయర్ కొందామంటే ఇంట్లో అందరూ వద్దంటున్నారు, అన్నీ ఓటీటీలో ఉన్నాయిగా అని. వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.

సౌండ్_ప్రియుడు:
రవి గారూ, ముందు డీవీడీ సంగతి. మన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీలో ఒక ఫ్రేముకి 720×576 పిక్సెళ్లే, అంటే బొమ్మలోని చుక్కలే. మీ టీవీలో 3840×2160 ఉన్నాయి. ఒక్క పిక్సెల్‌ని ఇరవై చేసి నింపాలంటే బొమ్మ అలుక్కుపోక ఏమవుతుంది? బ్లూ-రేలో 1920×1080, అంటే డీవీడీకి ఐదింతలు.

ఓటీటీ కూడా 4కేనే కదా అంటారు. చూడాల్సింది సెకనుకి ఎంత డేటా వస్తోందని. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 ఎంబీపీఎస్ (సెకనుకి 15 మెగాబిట్లు) కనెక్షన్ చాలంటుంది. మామూలు బ్లూ-రేలో ఒక్క వీడియోకే 40 దాకా ఉండొచ్చు. 4కే డిస్కులో వంద కూడా దాటొచ్చు. హారతి పొగ లేచే సీనో, రాత్రి వాన ఫైటో పెట్టి చూడండి. ఓటీటీలో పొగ మెట్లు మెట్లుగా విడిపోతుంది, చీకట్లో నల్లటి గళ్లు కదులుతుంటాయి. మంచి డిస్కులో పొగ పొగలాగే ఉంటుంది.

ఇక సౌండ్. ఓటీటీలో అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే డాల్బీ సౌండ్) అని రాసి ఉన్నా అది కుదించిన సౌండే. డిస్కులో ట్రూ-హెచ్‌డీ ట్రాక్ ఉంటే స్టూడియోలో మిక్స్ చేసింది ఏమీ పోకుండా వస్తుంది. మంచి స్పీకర్లున్నవాళ్లకి ఈ ఒక్కటీ చాలు, నన్నడిగితే.

బెజవాడ_నెట్:
అన్నా, కోడెక్ మాట, అదే వీడియోని కుదించే పద్ధతి మాట ఎత్తలేదేం? మామూలు బ్లూ-రే ఎక్కువగా హెచ్.264 మీద నడుస్తుంది. ఓటీటీ 4కే చాలావరకు దానికన్నా కొత్తదైన హెచ్‌ఈవీసీలో వస్తుంది. దానికి దాదాపు సగం డేటాతోనే అదే క్వాలిటీ వస్తుంది. 15, 40 పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

పైగా ప్లేయర్లేవి? ఒప్పో 2018లో మానేసింది, తర్వాత శాంసంగ్, ఆ తర్వాత ఎల్‌జీ. రేపు లేజర్ పోతే ఎవరు బాగుచేస్తారు? బ్లూ-రేకి పోటీగా వచ్చిన హెచ్‌డీ-డీవీడీని నమ్ముకున్నవాళ్ల గతి చూశాం. 2008 జనవరిలో సినిమా కంపెనీ వార్నర్ బ్లూ-రే వైపు వెళ్లిపోయింది, ఫిబ్రవరిలో హెచ్‌డీ-డీవీడీ తెచ్చిన తోషిబాయే చేతులెత్తేసింది. కొన్న డిస్కులు మూల పడ్డాయి.

సౌండ్_ప్రియుడు:
కోడెక్ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ 4కే డిస్కు కూడా హెచ్‌ఈవీసీనే. అదే కోడెక్, నాలుగైదింతల డేటా. దాన్ని పోల్చు.

హెచ్‌డీ-డీవీడీ ఓడింది ఇంకో డిస్కు చేతిలో. అందులో పొరకి 15 జీబీ పడితే బ్లూ-రేలో 25 పట్టేది. పైగా 2006 నుంచి సోనీ గేమ్ మెషీన్ పీఎస్3 (ప్లేస్టేషన్ 3) కొన్న ప్రతి ఇంట్లో బ్లూ-రే ప్లేయర్ ఉన్నట్టే. ఇప్పటికీ డ్రైవ్ ఉన్న పీఎస్5లో 4కే డిస్కు ఆడుతుంది.

నాకు భయం ఓటీటీ మీదే. 2023 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ వాళ్లు, జనం డబ్బిచ్చి కొనుక్కున్న డిస్కవరీ షోలని లైబ్రరీల్లోంచి తీసేస్తామని ప్రకటించారు. గొడవయ్యాక లైసెన్స్ పొడిగించుకుని ఆగారు. కొన్నా మనది కానప్పుడు నెలనెలా చందా కట్టేదానికి ఏం భరోసా? బీరువాలో డిస్కుని ఎవరూ వచ్చి పట్టుకుపోలేరు.

పద్మ_న్యూజెర్సీ:
రవి గారూ, కొనేముందు రీజియన్ (డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే కోడ్) చూసుకోండి. అమెరికా బ్లూ-రే ఏ, ఇండియా సీ. ఇక్కడి నుంచి చుట్టాలు తెచ్చిన డిస్కు అక్కడ ఆడకపోవచ్చు. 4కే డిస్కులకి ఆ గొడవ లేదు. బ్లూ-రే ప్లేయర్‌లో మీ డీవీడీలూ ఆడతాయి, కాబట్టి వాటిని పారేయకండి. ఓటీటీలో దొరకని పాత సినిమాలు అందులో ఏమున్నాయో ఒకసారి చూడండి.

ఇంకో మాట. పాత సినిమాకి అసలు ఫిల్మ్ నెగెటివ్ నుంచి కొత్తగా స్కాన్ చేస్తేనే బ్లూ-రేకి అర్థం. ఎప్పటిదో వీడియో టేపు తెచ్చి సాగదీసి అమ్మితే అట్ట మీద ఏం రాసి ఉన్నా లోపల డీవీడీ బొమ్మే.

బెజవాడ_నెట్:
పద్మ గారు అన్నదే నేనూ అడుగుతున్నా. హాలీవుడ్ సినిమాలకి సరే. మన తెలుగు సినిమాలు అలా స్కాన్ చేసి డిస్కు మీద వేసినవి ఎన్ని ఉన్నాయి? రవి గారింట్లో చూసేవి తెలుగు సినిమాలే అయితే ప్లేయర్ కొని అందులో ఏం వేస్తారు? అన్నా, దీనికి జవాబు చెప్పు.