కాపర్-64కి డోటా చాలదని ఎందుకంటారు? లాగ్ కె బాగానే ఉంది కదా

కావలి_కెమిస్ట్రీ:
నమస్తే అందరికీ. నాది కావలి, ఎమ్మెస్సీ ఇనార్గానిక్ రెండో ఏడు. సెమినార్‌కి పెట్ స్కాన్‌లో వాడే రేడియోయాక్టివ్ రాగి, అంటే కాపర్-64ని పట్టుకునే కీలేటర్లు (లోహాన్ని గట్టిగా పట్టి ఉంచే డోటా, నోటా లాంటి అణువులు) తీసుకున్నా. రాగికి డోటాతో లాగ్ కె (పట్టు ఎంత బలమో చెప్పే అంకె) 22 పైనే ఉంది, నోటాతో 21.6 దగ్గర ఆగింది. అంటే డోటానే గట్టిగా పట్టుకోవాలి కదా? ఎక్కడ చదివినా డోటా నుంచి రాగి జారిపోయి లివర్‌లో చేరుతుంది, నోటా నయం అనే ఉంది. మా సార్‌ని అడిగితే లాగ్ కె ఎక్కువుంటే స్టేబులే, ఇంకేం కావాలబ్బాయ్ అన్నారు. డేట్ దగ్గరికొచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.

సింహపురి_రేడియో:
తమ్ముడూ, మీ సార్ చెప్పింది బీకర్ వరకూ కరెక్టే. లాగ్ కె అనేది ఈక్విలిబ్రియం లెక్క, అంటే అంతా నిలకడకొచ్చాక ఎంత పట్టి ఉంటుందో చెబుతుంది, ఎంత త్వరగా వదులుతుందో చెప్పదు. ఒంట్లో మనం ఎక్కించే మందు నానోమోలార్‌లో, అంటే చాలా పలచగా ఉంటుంది, చుట్టూ రాగి కోసం కాచుక్కూర్చున్న ప్రోటీన్లు బోలెడు, రక్తంలో ఆల్బుమిన్, లివర్‌లో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. కాబట్టి ఎంత గట్టిగా పట్టుకుంది అని కాదు, ఎంత నిదానంగా వదులుతుంది అని చూడాలి. దానికితోడు కణం లోపల రాగి(2) కాస్తా రాగి(1)గా తగ్గితే దానికి కావాల్సిన జామెట్రీయే మారిపోతుంది, పట్టు సడలుతుంది. డోటాలో నాలుగు నైట్రోజన్లు, నాలుగు కార్బాక్సిలేట్లు, లాంథనైడ్లనే పెద్ద లోహ అయాన్ల సైజుకి బాగుంటుంది. రాగికి అది అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టే. నోటా రింగు చిన్నది, మూడు నైట్రోజన్లు, మూడు కార్బాక్సిలేట్లు, రాగికి కావాల్సిన ఆరూ సరిగ్గా అందుతాయి.

సెమినార్‌లో ఈ ఒక్కటి చెప్పు, చాలు: 5 మోలార్ హెచ్‌సీఎల్‌లో 90 డిగ్రీల దగ్గర పెడితే రాగి-డోటా కాంప్లెక్స్‌లో సగం కొన్ని నిమిషాల్లోనే విడిపోతుంది, సీబీ-టీఈ2ఏ అనే బ్రిడ్జి కట్టిన రింగుది వంద గంటలు దాటినా సగం పోదు.

కావలి_కెమిస్ట్రీ:
అన్నా, అయితే అందరూ సీబీ-టీఈ2ఏనే వాడొచ్చుగా?

సింహపురి_రేడియో:
అక్కడే ఉంది తంటా. వదలనిది తొందరగా లోపలికీ రానివ్వదు. దాంట్లోకి రాగి ఎక్కాలంటే 95 డిగ్రీల దాకా వేడి చేయాలి, కీలేటర్‌కి తగిలించి ట్యూమర్ దగ్గరికి పంపే అణువు చిన్న పెప్టైడ్ అయితే తట్టుకుంటుంది గానీ యాంటీబాడీ లాంటి పెద్ద ప్రోటీన్ అయితే ఉడికిపోతుంది. అందుకే నోటా, ఇంకా ఆస్ట్రేలియాలో సార్జెసన్ బృందం చేసిన సార్కోఫాజిన్ పంజరాలు ముందుకొచ్చాయి. ఆరు నైట్రోజన్ల పంజరం, రూమ్ టెంపరేచర్‌లోనే రాగిని తీసుకుని ఇక వదలదు. నా ఓటు దానికే.

ఒంగోలు_టెక్నాలజిస్ట్:
డోటాని మరీ తీసిపారేయకండి. కాపర్-64 డోటాటేట్‌కి (డోటాకి పెప్టైడ్ తగిలించిన మందు) 2020 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లకి. లివర్ కొంచెం వెలిగినా డాక్టర్లు చదువుకోగలుగుతున్నారు. మాలాంటి ఊళ్ళకి అసలు లాభం హాఫ్ లైఫ్‌లో ఉంది. గాలియం-68ది 68 నిమిషాలే, దాన్ని తయారుచేసే జనరేటర్ పక్కనే ఉండాలి. కాపర్-64ది 12.7 గంటలు. చెన్నై నుంచి కారులో నాలుగు గంటలు పట్టినా దాదాపు 80 శాతం మిగిలే ఉంటుంది, గాలియం అయితే పదో వంతు కూడా మిగలదు. హైవే మీద ట్రాఫిక్ గురించి ఇక్కడ చెప్పను లెండి.

ఉదయగిరి_బాబాయ్:
మన గరిమెనపెంట పాత గనుల రాగి పనికొస్తుందా అబ్బాయిలూ?

సింహపురి_రేడియో:
బాబాయ్, గనిలో దొరికేది 63, 65 ఐసోటోపులే. 64ని మామూలుగా సైక్లోట్రాన్‌లో నికెల్-64ని ప్రోటాన్లతో కొట్టి చేస్తారు. రియాక్టర్‌లో మామూలు రాగిని పెట్టినా కాపర్-64 వస్తుంది గానీ దాంతోపాటు బోలెడు కోల్డ్ రాగి (రేడియోయాక్టివ్ కాని మామూలు రాగి) ఉంటుంది, అదే ముందు కీలేటర్‌లో సీట్లన్నీ పట్టేస్తుంది, రేడియోయాక్టివ్‌ది బయటే నిలబడాలి. చెంబుల జోలికి పోకండి.

తమ్ముడూ, రేడియేషన్ లేకుండా మీ కాలేజీలోనే చూపించొచ్చు. కాపర్ సల్ఫేట్‌తో ఇడిటిఎ (రింగు లేని మామూలు కీలేటర్) ఒకటి, సైక్లామ్ (నాలుగు నైట్రోజన్ల రింగు) ఒకటి కలుపు. మొదటిది నీలం, రెండోది వంగపండు రంగు. ఫ్యూమ్ హుడ్‌లో రెంటికీ గాఢ హెచ్‌సీఎల్ పొయ్యి. నీలంది వెంటనే రంగు మారి, కాసేపటికి అడుగున తెల్లగా ఇడిటిఎ దిగుతుంది. సైక్లామ్‌ది మాత్రం కదలదు. యూవీ విజిబుల్‌లో 510 నానోమీటర్ల దగ్గర పీక్ చూపించి మీ సార్‌నే వివరించమను.

కావలి_కెమిస్ట్రీ:
ఇడిటిఎ డబ్బాలకి డబ్బాలు ఉంది అన్నా, సైక్లామ్ మాత్రం లేదు, రేటు చూస్తే గుండె జారింది. నెల్లూరులో ఎవరి ల్యాబ్‌లో అయినా చిటికెడు ఉంటే చెప్పండి, బస్సెక్కి వచ్చి తీసుకుంటా.