మల్టీకల్చరల్ సొరోరిటీలో చేరినవాళ్లున్నారా?

గోదారిగట్టు: న్యూజెర్సీలో సెకండియర్. మా క్యాంపస్‌లో మల్టీకల్చరల్ సొరోరిటీ (రకరకాల సంస్కృతుల అమ్మాయిలు కలిసే స్టూడెంట్ సంఘం) వాళ్లు ఇన్ఫో నైట్‌కి పిలిచారు. నాన్నకి చెప్తే "తాగుడూ తందనాలూ మనకెందుకమ్మా" అన్నారు. లోపలికెళ్లి చూసినవాళ్లు చెప్పండి.

కాకినాడకాజా: మీ నాన్నగారు పెద్ద పెద్ద హౌస్‌లున్నవాటిని తలుచుకుంటున్నారు. మా చాప్టర్‌కి, అంటే మా కాలేజీ శాఖకి, ఇల్లే లేదు. పదకొండు మందిమి, లైబ్రరీలో రూమ్ బుక్ చేసుకుని మీటింగ్ పెట్టుకునేవాళ్లం. దేశంలో మొదటి మల్టీకల్చరల్ సొరోరిటీ, ము సిగ్మా అప్సిలాన్, 1981లో పుట్టింది మీ న్యూజెర్సీలోనే, రట్గర్స్‌లో. నా లైన్‌లో, అంటే నాతో కలిసి చేరిన బ్యాచ్‌లో, నలుగురం: నేను, ఒక డొమినికన్, ఒక ఈజిప్షియన్, ఒక ఫిలిపినో. రాత్రి పదింటికి పార్కింగ్ గరాజ్ పై అంతస్తులో స్టెప్ (అందరూ ఒకేసారి పాదాలతో, చేతులతో దరువేసే డ్యాన్స్) ప్రాక్టీస్. ఒక్క పాదం ఆలస్యమైనా సిమెంటు మీద ఆ చప్పుడు విడిగా వినపడేది, మళ్లీ మొదటినుంచి. ఆ పాదం చాలాసార్లు నాదే. డొమినికన్ అమ్మాయి పక్కన కూర్చుని నా మోకాలి మీద దరువేసి నేర్పింది. ఇప్పటికీ ఏ కష్టమొచ్చినా ముందు తనకే ఫోన్ చేస్తా.

హ్యూస్టన్‌బాబు: సౌత్ ఏషియన్ వాటినీ వీటినీ కలిపేయకండి. డెల్టా ఫై ఒమేగా (1998, హ్యూస్టన్ యూనివర్సిటీ) సౌత్ ఏషియన్ సొరోరిటీ. సిగ్మా బీటా రో (1996, పెన్సిల్వేనియా యూనివర్సిటీ) మల్టీకల్చరల్ ఫ్రటర్నిటీ, అంటే అబ్బాయిల సంఘం. నేను చేరింది ఒక సౌత్ ఏషియన్ ఫ్రటర్నిటీలో. పండగలొస్తే ఇల్లు గుర్తొచ్చేది కాదు, అంత దగ్గరయ్యాం. కానీ నాలుగేళ్లూ దేశీల మధ్యే గడిచిపోయాయి, ఆ లోటు ఇప్పుడు తెలుస్తోంది.

మధురవాడ: నేను మూడు వారాలకే బయటికొచ్చేశా. పేరు చెప్పను. అర్ధరాత్రి ఫోన్ మోగితే వెంటనే ఎత్తాలి, రూమ్మేట్‌తో మాట్లాడకూడదు. మిడ్‌టర్మ్ పోయింది. అది సంప్రదాయం కాదు, హేజింగ్, అంటే కొత్తగా చేరేవాళ్లని వేధించడం. చిన్న చాప్టర్ కదా, అలాంటివి ఉండవని నమ్మొద్దు చెల్లీ. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, తప్పు తేలిన సంఘాల వివరాలు కాలేజీలు బయటపెట్టాలి. మీ కాలేజీ సైట్‌లో ఆ రిపోర్టు వెతుకు. మానేసినవాళ్లు దొరికితే వాళ్లతో కూడా మాట్లాడు.

గోదారిగట్టు: థాంక్స్ అక్కా. కాజా గారూ, మీ ఇంట్లో ఎప్పుడు ఒప్పుకున్నారు?

కాకినాడకాజా: ప్రొబేట్ రోజున, అంటే కొత్తవాళ్లని అందరి ముందూ పరిచయం చేసే షో రోజున. మాస్కులు పెట్టుకుని నలుగురం వరసలో నిలబడ్డాం. ఇంకా మాస్కులు తీయనేలేదు, "మూడోది మా పిల్లే" అని అమ్మ గట్టిగా అనేసింది, నిలబడ్డ తీరు చూసి. ఆ తర్వాత మిగతా ముగ్గురికీ పుట్టినరోజులకి ఫోన్ చేసేది.

గోదారిగట్టు: నాన్నకి ఇవన్నీ చదివి వినిపించా. రిపోర్టులో వాళ్ల పేరుందేమో చూసి చెప్పమన్నారు. వెతుకుతున్నా.