ప్రైవేట్ రోదసి యాత్రలు: సీటు ధర ఎందుకు తగ్గట్లేదు? అసలు చిక్కు ఎక్కడుంది?

తారాపథం అడిగిన ప్రశ్న:

డెనిస్ టిటో 2001లో దాదాపు 2 కోట్ల డాలర్లు కట్టి రష్యా నౌక సోయుజ్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళొచ్చాడు. ఆ తర్వాత 2015 డిసెంబర్‌లో స్పేస్‌ఎక్స్ సంస్థ ఫాల్కన్ 9 రాకెట్ బూస్టర్ (కింది దశ) కక్ష్య ప్రయోగం నుంచి తిరిగొచ్చి నేల మీద నిలబడింది. ఇప్పుడది మామూలు సంగతైపోయింది. అయినా 2022లో ఆక్సియం అనే ప్రైవేట్ సంస్థ మొదటి యాత్రకు ఒక్కో సీటు 5.5 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. రాకెట్ చవకైతే టికెట్ పెరగడమేంటి?

నా సందేహాలు ఇవి. అసలు ఖర్చు ఇంధనానిదా, ఇంకేదన్నానా? పది నిమిషాల సబ్ ఆర్బిటల్ (కక్ష్య చేరకుండా పైకెళ్ళి దిగొచ్చే) ప్రయాణం కక్ష్యకు తొలిమెట్టేనా, లేక దాని దారి వేరా? చంద్రుడు, అంగారకుడి దాకా ప్రైవేట్ సంస్థలు మనుషుల్ని తీసుకెళ్ళాలంటే ముందుగా ఏ సమస్య తేలాలి? లెక్కలతో చెప్పగలిగితే సంతోషం.

నోదనం:

ముందు రెండో సందేహం తీసుకుందాం, అది తేలితే మొదటిది సులువవుతుంది. ఒక కిలో బరువును 100 కిలోమీటర్ల ఎత్తుకు లేపి వదిలేయడానికి కావలసిన శక్తి సుమారు 1 మెగాజౌల్. అదే కిలోను 400 కిలోమీటర్ల కక్ష్యలో నిలపాలంటే ఎత్తు ఒక్కటే సరిపోదు, సెకనుకు 7.7 కిలోమీటర్ల అడ్డువేగం ఇవ్వాలి. మొత్తం 33 మెగాజౌళ్ళు అవుతుంది. బ్లూ ఆరిజిన్ సంస్థ న్యూ షెపర్డ్ లాంటి సబ్ ఆర్బిటల్ వాహనం ప్రయాణం మొత్తం 11 నిమిషాల్లో ముగుస్తుంది, గరిష్ఠ వేగం సెకనుకు కిలోమీటరు దగ్గరే. ఆ వేగంతో తిరిగొస్తే ఉష్ణ కవచం పెద్ద సమస్య కాదు. 7.7 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దిగేటప్పుడు మాత్రం ఆ 33 మెగాజౌళ్ళూ వేడిగా మారి ఎటో పోవాలి. కాబట్టి సబ్ ఆర్బిటల్ యాత్ర ఇంజిన్‌ను మళ్ళీ మళ్ళీ వాడటం నేర్పుతుంది, ప్రయాణికుల్ని ఎక్కించి దించే పద్ధతి నేర్పుతుంది. తిరిగి రావడం నేర్పదు. నా దృష్టిలో అది వేరే వ్యాపారం.

ఇక ఖర్చు. గురుత్వం వల్ల, గాలి రాపిడి వల్ల పోయేది కలుపుకుంటే కక్ష్య చేరడానికి రాకెట్ సెకనుకు 9.4 కిలోమీటర్ల వేగమార్పు ఇవ్వాలి. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ ఇంజిన్ నుంచి వాయువులు సగటున 3.3 కిలోమీటర్ల వేగంతో బయటికొస్తాయనుకోండి. వేగమార్పుకు ఎంత ఇంధనం కావాలో చెప్పే రాకెట్ సమీకరణంలో వేసి చూస్తే బయల్దేరేటప్పటి బరువు చివరి బరువుకు 17 రెట్లుండాలి. అంటే 17 కిలోల్లో 16 కిలోలు ఇంధనం, ఆక్సిజనే. మిగిలిన ఒక్క కిలోలో ట్యాంకులు, ఇంజిన్లు, మనుషులు, వాళ్ళు పీల్చే గాలి అన్నీ ఇమడాలి. అందుకే రెండు దశలు పెట్టి, ఖాళీ అయిన దశను వదిలేస్తారు.

ఇంత ఇంధనం పోసినా దాని ధర ప్రయోగం ధరలో ఒక శాతం లోపే. డబ్బంతా లోహంలోనూ, దాన్ని తయారుచేసి పరీక్షించే జనం జీతాల్లోనూ ఉంది. బూస్టర్‌ను దక్కించుకుంటే లాభం అందుకే. అదీ ఉచితంగా రాదు. దిగడానికి ఇంధనం దాచుకోవాలి, కాళ్ళు, గ్రిడ్ ఫిన్లు (దిగేటప్పుడు దిశ మార్చే జల్లెడ రెక్కలు) మోసుకెళ్ళాలి. ఫాల్కన్ 9 బూస్టర్‌ను వదిలేసుకుంటే 22.8 టన్నులు మోస్తుంది, దక్కించుకోవాలంటే అందులో దాదాపు పావు వంతు వదులుకోవాలి.

రెండో దశ విషయంలో లెక్క ఇంకా కఠినం. బూస్టర్ మీద అదనంగా పెట్టిన బరువులో కొంత భాగమే పేలోడ్‌లోంచి (మోసుకెళ్ళే సరుకులోంచి) పోతుంది. రెండో దశ కక్ష్య దాకా వెళ్తుంది కాబట్టి దాని మీద పెట్టిన ప్రతి కిలో, పేలోడ్‌లోంచి సరిగ్గా ఒక కిలో తినేస్తుంది. దానికి ఉష్ణ కవచం, రెక్కలు, దిగడానికి ఇంధనం పెడితే మోయడానికి ఏమీ మిగలదు. అందుకే ఫాల్కన్ రెండో దశను ప్రతిసారీ పారేస్తున్నారు. వాహనాన్ని బాగా పెద్దది చేస్తే ఈ నష్టం శాతంగా తగ్గుతుంది. స్పేస్‌ఎక్స్ భారీ రాకెట్ స్టార్‌షిప్ అడుగున 33 ఇంజిన్లు పెట్టడానికి అసలు కారణం అదే.

ఇక్కడ స్పేస్ షటిల్ పాఠం మరిచిపోకూడదు. అదీ మళ్ళీ వాడే వాహనమే. కానీ ప్రతిసారీ 20 వేలకు పైగా ఉష్ణ పలకల్ని పరిశీలించాలి, ఇంజిన్లు విప్పి చూడాలి, నెలలు పట్టేది. 2025లో ఒక ఫాల్కన్ బూస్టర్ 9 రోజుల తేడాతో రెండుసార్లు ఎగిరింది. తిరిగొచ్చాక ఎన్ని పనిగంటలు పడతాయన్నదే ధరను నిర్ణయిస్తుంది. వచ్చిందా రాలేదా అన్నది తర్వాతి మాట.

ధార:

నోదనం గారి లెక్కలు సరైనవే. అయితే అవి సరుకు ధర గురించి. మనుషుల సీటు ధరకు కారణం వేరే చోట ఉంది. క్యాప్సూల్, దాని ప్రాణరక్షణ వ్యవస్థ, శిక్షణ, సముద్రంలో ఎదురుచూసే రక్షణ నౌకలు, అంతరిక్ష కేంద్రంలో ఉంటే అక్కడి సిబ్బంది సమయానికి కట్టే రుసుము, ఇవన్నీ కలిసి నలుగురి మీద పడతాయి. బూస్టర్ ఎంత చవకైనా ఈ భాగం తగ్గదు. ఏడాదికి ఎన్ని యాత్రలు చేస్తారన్నదాన్ని బట్టే తగ్గుతుంది.

అన్నిటికన్నా గట్టి అడ్డంకి భద్రత. షటిల్ 135 సార్లు ఎగిరితే రెండుసార్లు మనుషుల్ని పోగొట్టుకున్నాం, 1986లో చాలెంజర్, 2003లో కొలంబియా. అంటే 68 ప్రయాణాలకు ఒకటి. కమర్షియల్ క్రూ (వ్యోమగాముల్ని మోసే ప్రైవేట్) వాహనాలకు నాసా పెట్టిన లక్ష్యం 270కి ఒకటి. జెట్ విమానాల్లో ప్రాణాంతక ప్రమాదం పది లక్షల ప్రయాణాలకు ఒకటి కన్నా తక్కువ. ఈ అంతరం చాలామందికి అర్థం కాదు. 10 వేలకు ఒకటి అనే స్థాయిని గణాంకాలతో 95 శాతం నమ్మకంగా చూపించాలంటే ఒక్క ప్రమాదం కూడా లేకుండా 30 వేల ప్రయాణాలు చేయాలి. ఏ రాకెట్ కూడా దాని దరిదాపుల్లో లేదు.

విఫలమయ్యేది కూడా పెద్ద పెద్ద భాగాలు కావు. కొన్ని చూడండి.

2019 ఏప్రిల్‌లో స్పేస్‌ఎక్స్ మనుషుల నౌక క్రూ డ్రాగన్ క్యాప్సూల్ నేల మీద పరీక్షలో పేలిపోయింది. ఒక చెక్ వాల్వ్ (ఒకవైపే పోనిచ్చే వాల్వ్) గుండా కొద్దిగా నైట్రోజన్ టెట్రాక్సైడ్ (ఇంధనాన్ని మండించే ద్రవం) వెనక్కి కారి హీలియం గొట్టంలో చేరింది. ఎస్కేప్ ఇంజిన్లు (ప్రమాదంలో క్యాప్సూల్‌ను దూరంగా తీసుకెళ్ళేవి) వెలిగించే ముందు అధిక పీడన హీలియం వదలగానే ఆ ద్రవపు ముద్ద తూటాలా వెళ్ళి టైటానియం వాల్వ్‌కు తగిలి, టైటానియమే అంటుకుంది. తర్వాత ఆ వాల్వుల స్థానంలో ఒక్కసారే పగిలే బర్స్ట్ డిస్కులు పెట్టారు.

2024 జూలైలో, 300కు పైగా వరుస విజయాల తర్వాత, ఫాల్కన్ 9 రెండో దశ చెడిపోయి 20 ఉపగ్రహాలు పోయాయి. కారణం పీడనం కొలిచే సెన్సర్‌కు వెళ్ళే సన్న గొట్టం. దాని క్లాంపు వదులై, ఇంజిన్ కంపనానికి గొట్టం పగిలి ద్రవ ఆక్సిజన్ కారింది.

అదే ఏడు బోయింగ్ నౌక స్టార్‌లైనర్ అంతరిక్ష కేంద్రాన్ని చేరేటప్పుడు 5 థ్రస్టర్లు (దిశ మార్చే చిన్న ఇంజిన్లు) ఆగిపోయాయి. వేడి ఎక్కువై వాల్వులోని టెఫ్లాన్ సీలు ఉబ్బి ఇంధనాన్ని మండించే ద్రవం దారికి అడ్డుపడిందన్నది నేల మీద చేసిన పరీక్షల్లో కనబడిన సంగతి. ఆ నౌకను ఖాళీగా దించారు. అందులో వెళ్ళిన ఇద్దరూ 2025 మార్చిలో డ్రాగన్‌లో తిరిగొచ్చారు.

తప్పించుకునే దారి ఉంటే లోపం జరిగినా మనిషి బతుకుతాడు. 2018 అక్టోబర్‌లో సోయుజ్ బూస్టర్లు విడిపోయేటప్పుడు వంగిన సెన్సర్ వల్ల రాకెట్ చెడిపోయింది, ఇద్దరు వ్యోమగాములూ క్షేమంగా దిగారు. 2022 సెప్టెంబర్‌లో న్యూ షెపర్డ్ ఇంజిన్ నాజిల్ అనుకున్నదానికన్నా ఎక్కువ వేడెక్కి విరిగితే, మనుషుల్లేని ఆ క్యాప్సూల్ తనంతట తానే విడిపోయి పారాషూట్లతో దిగింది. స్టార్‌షిప్‌లో ఇలాంటి విడిపోయే క్యాప్సూల్ లేదు. దానిలో నేల నుంచి మనుషుల్ని ఎక్కించాలంటే అంతకుముందు ఎన్ని వందల ప్రయోగాలు సజావుగా సాగాలన్నది నా దృష్టిలో ధర కన్నా ముఖ్యమైన ప్రశ్న.

తారాపథం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంధనం ఒక శాతం లోపే అన్నది నా ఊహకు పూర్తిగా వ్యతిరేకం. భూకక్ష్య దాటితే పరిస్థితి ఏమిటి? గాలి, నీరు మోసుకెళ్ళడం ఎంతవరకు సాధ్యం?

శూన్యభారం:

ఒక మనిషికి రోజుకు 0.84 కిలోల ఆక్సిజన్ కావాలి, బదులుగా సుమారు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. తాగడానికి, తిండిలోకి 3 కిలోల దాకా నీళ్ళు. నలుగురు మూడు రోజులు తిరిగొచ్చే యాత్రకైతే 10 కిలోల ఆక్సిజన్, 12 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవడానికి 13 కిలోలకు పైగా లిథియం హైడ్రాక్సైడ్ చాలు. వాడి పారేయడమే తేలిక, యంత్రం పెట్టనక్కర్లేదు.

ఆరుగురు 900 రోజులు అంగారక యాత్ర చేస్తే? ఆక్సిజనే 4.5 టన్నులు, నీళ్ళు 16 టన్నులు, కడుక్కోవడానికి వేరే. మళ్ళీ వాడుకోక తప్పదు. అంతరిక్ష కేంద్రంలో 2023 నాటికి 98 శాతం నీటిని తిరిగి రాబట్టారు. ఆ అంకె వెనక ఉన్న కష్టం తెలుసుకోవాలి. భారం లేనిచోట ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత కోల్పోతాయి. ఆ కాల్షియం మూత్రంలోకి వస్తుంది. మూత్రాన్ని నిలవ ఉంచడానికి కలిపే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేరి కాల్షియం సల్ఫేట్‌గా గడ్డకట్టి స్వేదన యంత్రాన్ని మూసేసింది. నేల మీద పరీక్షించినప్పుడు ఇది బయటపడలేదు, ఎందుకంటే నేల మీది మనుషుల మూత్రంలో అంత కాల్షియం ఉండదు. చివరికి ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారారు. భూమికి 400 కిలోమీటర్ల దూరంలో కాబట్టి విడిభాగాలు పంపగలిగారు. అంగారకుడికి దారి 26 నెలలకు ఒకసారే తెరుచుకుంటుంది. నా మట్టుకు నాకు మనుషుల్ని అంగారకుడికి పంపే ముందు తేలాల్సింది ఇదే, ఏ మరమ్మతు సామాను లేకుండా రెండున్నరేళ్ళు ఆగకుండా నడిచే నీటి యంత్రం.

రేడియేషన్ కూడా ఉంది. అంగారక రోవర్ క్యూరియాసిటీని మోసుకెళ్ళిన నౌకలోని పరికరం దారిలో రోజుకు 1.8 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలమానం) కొలిచింది. రానూపోనూ ప్రయాణానికే 660 దాకా అవుతుంది. నాసా తన వ్యోమగాములకు జీవితకాలం మొత్తానికి పెట్టిన పరిమితి 600. కొన్ని రోజులు తిరిగొచ్చే పర్యాటకుడికి ఇది పెద్ద విషయం కాదు. అతన్ని బాధపెట్టేది మొదటి రెండు మూడు రోజుల వాంతులు, తలతిరుగుడు. సగానికి పైగా జనానికి అవి తప్పవు. మూడు రోజుల యాత్ర అమ్మేవాళ్ళు ఇది ముందే చెప్పాలి.

నోదనం:

ఒక మాట కలుపుతాను. చంద్రుడి మీదికి స్టార్‌షిప్ వెళ్ళాలంటే ముందు కక్ష్యలో దాని ట్యాంకులు నింపాలి, దానికి పదికి పైగా ట్యాంకర్ ప్రయోగాలు కావాలి. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183, మీథేన్ మైనస్ 161 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఎండ తగిలితే రోజూ కొంత ఆవిరై పోతుంది. ట్యాంకర్లు ఆలస్యమైతే నింపింది తరిగిపోతూ ఉంటుంది, అప్పుడు ఇంకో ట్యాంకర్ పంపాలి. పైగా భారం లేకపోతే ద్రవం ట్యాంకులో అడుగుకు చేరదు. చిన్న థ్రస్టర్లతో మెల్లగా తోస్తూ ద్రవాన్ని గొట్టం మూతి దగ్గరికి చేర్చాలి. 2024 మార్చిలో ఒకే నౌకలో ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు మార్చే పరీక్ష చేశారు. రెండు నౌకల మధ్య మార్చడం దానికన్నా చాలా కష్టమైన పని.

రేగోలిత్:

మనుషుల్లేని అన్వేషణను ఎవరూ ప్రస్తావించలేదు. ప్రైవేట్ సంస్థలు ఇప్పటికే చంద్రుడి మీద దిగుతున్నది అందులోనే. 2023 ఏప్రిల్‌లో జపాన్ సంస్థ ఐస్పేస్ ల్యాండర్ ఒక బిలం అంచు దాటగానే కింద నేల ఒక్కసారిగా 3 కిలోమీటర్లు లోతుకు పోయింది. ఎత్తు కొలిచే పరికరం సరిగ్గానే చెప్పింది, సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంత తేడా రాదు, పరికరమే చెడిందని దాన్ని పక్కన పెట్టేసింది. నేల దగ్గర్లోనే ఉన్నానని భ్రమపడి 5 కిలోమీటర్ల ఎత్తున ఇంధనం అయిపోయేదాకా మెల్లగా దిగుతూ, ఆపైన కూలిపోయింది. 2024 ఫిబ్రవరిలో అమెరికా సంస్థ ఇంట్యూటివ్ మెషీన్స్ ల్యాండర్‌లో ఎత్తు కొలిచే లేజర్ పరికరానికి ప్రయోగానికి ముందు తీయాల్సిన రక్షణ స్విచ్ తీయలేదు. దిగి పక్కకు ఒరిగింది. 2025 మార్చిలో ఫైర్‌ఫ్లై సంస్థ ల్యాండర్ బ్లూ ఘోస్ట్ నిటారుగా దిగి, దాదాపు రెండు వారాల పగలంతా పనిచేసింది. తక్కువ ధరకు ఎక్కువసార్లు ప్రయత్నించడమనే పద్ధతి ఇక్కడ బాగా నప్పుతుంది, ఎందుకంటే కూలినా ప్రాణం పోదు. మనుషుల యాత్రకు దీన్నే వర్తింపజేయలేం.

అపోజీ:

చట్టం సంగతి కూడా చూడండి. యాత్రలు ఎక్కువగా అమెరికా నుంచే నడుస్తున్నాయి కాబట్టి అక్కడి నియమం చెబుతాను. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రయోగానికి లైసెన్సు ఇచ్చేది నేల మీది జనం, ఆస్తుల భద్రత చూసి. లోపల కూర్చున్న ప్రయాణికుడి భద్రతకు నిబంధనలు పెట్టే అధికారాన్ని అక్కడి పార్లమెంటు 2004 చట్టంతో చాలావరకు ఆపి ఉంచింది. ఆ గడువు పొడిగిస్తూ వచ్చి ఇప్పుడు 2028 జనవరి 1 దాకా ఉంది. ఈలోపు ప్రయాణికుడు, "ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదు" అన్న సంగతి రాతపూర్వకంగా తెలుసుకుని సంతకం చేయాలి.

2014 అక్టోబర్ 31న వర్జిన్ గెలాక్టిక్ సబ్ ఆర్బిటల్ వాహనం స్పేస్‌షిప్‌టూ పరీక్షలో, 1.4 మాక్ (ధ్వని వేగానికి 1.4 రెట్లు) చేరాక తీయాల్సిన తోక గడియను సహపైలట్ ధ్వని వేగం దాటకముందే తీశాడు. వాహనం గాల్లోనే ముక్కలై ఒక పైలట్ చనిపోయాడు. ఒక్క మనిషి ఒక్క పొరపాటు చేస్తే ఏమవుతుందో రూపకర్తలు ఆలోచించలేదని దర్యాప్తు తేల్చింది. తర్వాత ఆ గడియ తొందరగా తెరుచుకోకుండా అడ్డు పెట్టారు.

టికెట్ కొనే స్థోమత ఉన్నవాళ్ళు సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు అడగాలి. ప్రయోగ వేదిక నుంచి కక్ష్య దాకా ప్రతి క్షణంలోనూ తప్పించుకునే దారి ఉందా, లేకపోతే ఏ సెకన్లలో లేదు? క్యాబిన్ పీడనం పోతే ప్రయాణికుడికి ప్రెషర్ సూట్ ఉంటుందా? ఇదే నమూనా, ఏ మార్పూ లేకుండా, ఇప్పటికి ఎన్నిసార్లు ఎగిరింది? ప్రమాదం జరిగితే కుటుంబం దావా వేసే హక్కును ఈ సంతకంతో వదులుకుంటున్నామా? నాలుగోదానికి జవాబు చాలా సందర్భాల్లో అవుననే వస్తుంది. జీవిత బీమా పాలసీ షరతుల్లో రోదసి ప్రయాణం మినహాయింపుగా ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.